ఆగస్టులో పిల్లలు, ఎప్పటికో డబ్బు

డాలస్‌ నుంచి ప్రెస్టన్‌ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతుంటే ప్లేనో, ఫ్రిస్కో, ప్రాస్పర్‌, సెలైనా వరసగా వస్తాయి. అమెరికాలో చుట్టాలున్న తెలుగువాళ్లలో ఈ పేర్లలో ఒకటైనా వినని వాళ్లు తక్కువే. సెలైనా చేరేసరికి ఇంకా పొలాలు కనిపిస్తాయి. చుట్టలు చుట్టి పడేసిన ఎండుగడ్డి, దాని పక్కనే పైకప్పు పడని చెక్క ఇళ్ల వరసలు, వాటి అవతల ఖాళీ స్థలంలో ఒక బోర్డు: ఇక్కడ ఎలిమెంటరీ స్కూల్‌ రాబోతోంది. ఎప్పుడన్నది ఆ బోర్డు మీద ఉండదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకి మాత్రం బిల్డర్‌ సేల్స్‌ ఆఫీసులో మొదట చూపించేది దాన్నే.

అమెరికా ఇళ్ల, రేటింగుల, బాండ్‌ ఎన్నికల గొడవంతా ఆ బోర్డు చుట్టూనే తిరుగుతుంది. పిల్లలు వేగంగా పెరిగే స్కూల్‌ డిస్ట్రిక్టులకి డబ్బు ఎందుకు చాలదన్న ప్రశ్నకి సాధారణంగా వచ్చే జవాబు ‘ప్రభుత్వం తక్కువ ఇస్తోంది’ అనే. అది సగం నిజం. నాకు కనిపించినంతలో అసలు చిక్కు మొత్తంలో కంటే తారీఖుల్లో ఉంది. పిల్లలు ఒక తేదీకి వస్తారు, డబ్బు మరో తేదీకి వస్తుంది, అప్పు తీరే తేదీకి ఆ పిల్లలకే పిల్లలుంటారు.

ముందు స్కూల్‌ డిస్ట్రిక్ట్‌ అంటే ఏమిటో చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర దానికి సాటి వచ్చేది లేదు. మన సర్కారు బడి టీచరుకి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. సర్పంచి బడి కట్టడానికి పన్ను పెంచడు, పెంచలేడు. హైదరాబాదు శివార్లలో నాలుగు గేటెడ్‌ కాలనీలు లేస్తే ఆ పిల్లల కోసం ప్రైవేటు బడుల పసుపు బస్సులు వచ్చి వాలతాయి. టెక్సస్‌లో స్కూల్‌ డిస్ట్రిక్ట్‌ అంటే దాదాపు ఒక చిన్న ప్రభుత్వం. దానికి తన సరిహద్దులుంటాయి, అవి సాధారణంగా ఊరి సరిహద్దులతో కలవవు. ఎన్నికైన బోర్డు ఉంటుంది, తన పన్ను, తన అప్పు ఉంటాయి. ఆ గీత లోపలికి వచ్చి కాపురం పెట్టిన ప్రతి పిల్లనీ, పిల్లవాణ్నీ చేర్చుకుని తీరాలి. సీట్లు నిండాయని తలుపు వేసుకునే వీలు లేదు. ఇళ్లకు అనుమతులిచ్చేది మాత్రం ఊరి కౌన్సిలో, కౌంటీయో. ఇళ్లు ఎన్ని, ఎప్పుడన్నది ఒకరి చేతిలో, ఆ ఇళ్లలోని పిల్లలు మరొకరి నెత్తిన.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. 2024 మార్చిలో ఇల్లు పూర్తయింది. జూన్‌లో గృహప్రవేశం, ఆగస్టులో పాప ఒకటో తరగతిలో చేరింది. టెక్సస్‌లో ఆస్తి విలువ కట్టేది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి. 2024 జనవరి 1న అక్కడున్నది స్థలం, దానిమీద సగం లేచిన ఇల్లు. కాబట్టి ఆ ఏడాది పన్ను దానిమీదే. ఇంటి పూర్తి విలువ లెక్కలోకి వచ్చేది 2025 జనవరి 1న. బిల్లు అక్టోబరులో వస్తుంది, కట్టడానికి గడువు 2026 జనవరి నెలాఖరు. అప్పటికి పాప రెండో తరగతి సగం చదివేసింది. ఇక ఆ పాప కూచునే గది కట్టడానికి రెండేళ్లు, దానికి ముందు స్థలం కొనడానికి, బాండ్‌ ఎన్నిక, అంటే అప్పుకి ఓటర్ల అనుమతి అడిగే ఎన్నిక, జరపడానికి, డిజైన్‌కి మరో రెండేళ్లు. అంటే పాప రాకముందు నాలుగేళ్ల నాడే, ఆ పాప తల్లిదండ్రులు ఇంకా బెంగళూరులోనో న్యూజెర్సీలోనో ఉండగా, ఆమె కోసం అప్పు చెయ్యాలని ఎవరో ఓటు వేసి ఉండాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుతాం. ఎదిగే డిస్ట్రిక్టు బతుకంతా సోమలింగానికి గది కట్టడమే.

ఇక్కడ డబ్బుకి రెండు సంచులున్నాయని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి నడిపే ఖర్చు: జీతాలు, కరెంటు, బస్సు డీజిలు. రెండోది కట్టే ఖర్చు: బాండ్ల అసలు, వడ్డీ. రెంటికీ వేరువేరు పన్ను రేట్లు, వేరువేరు చట్టాలు. రెండో సంచిలోంచి ఒక్క టీచరుకి కూడా జీతమివ్వకూడదు. ఇది తెలియక కొత్తవాళ్లు ‘అంత పెద్ద బిల్డింగ్‌ కట్టారు, టీచర్లకి డబ్బుల్లేవా’ అని కోప్పడతారు. తెలిసినవాళ్లూ ఒక్కోసారి కోప్పడతారు.

నడిపే సంచి సంగతి కాస్త మెరుగే. రాష్ట్రం ఒక్కో పిల్లకి ఇంత అని లెక్క కడుతుంది. స్థానిక పన్నుతో వచ్చింది పోను మిగతాది తాను పూరిస్తుంది. 2019లో ఆ మూల మొత్తాన్ని 6,160 డాలర్లు చేశారు. కోవిడ్‌ వచ్చింది, ధరలు మండాయి, టీచర్లు ఉద్యోగాలు మానేశారు, ఆ అంకె మాత్రం ఆరేళ్లు కదల్లేదు. 2025లో శాసనసభ విద్యకి పెద్ద ప్యాకేజీయే ఇచ్చింది గానీ అందులో ఎక్కువ భాగం జీతాలకూ ప్రత్యేక పద్దులకూ పోయింది. మూల మొత్తానికి కలిపింది 55 డాలర్లు.

పైగా టెక్సస్‌ డబ్బిచ్చేది చేరినవాళ్ల సంఖ్యకి కాదు, సగటు హాజరుకి. పిల్ల రాని రోజుకి డబ్బు రాదు, టీచరు జీతం మాత్రం ఆగదు. ఉజ్జాయింపుగా చూస్తే గైరుహాజరైన ఒక్కో రోజుకి 35 డాలర్ల చిల్లర పోతుంది. డిసెంబరులో టిక్కెట్లు మండిపోతాయని సెలవులకి వారం ముందే బయల్దేరి, సంక్రాంతి కూడా చూసుకుని వచ్చే మన ఇళ్ల లెక్క ఇందులో ఉంది. ఇద్దరు పిల్లలు పదిహేను రోజులు మానితే వెయ్యి డాలర్ల పైమాటే. తప్పుపట్టడానికి చెప్పడం లేదు, తాతల్నీ అమ్మమ్మల్నీ చూడటం కూడా చదువే. కానీ ఆ క్యాంపస్‌ ప్రిన్సిపాల్‌ జనవరిలో ఎందుకంత ముభావంగా ఉంటాడో తెలిస్తే మంచిది.

కట్టే సంచి దగ్గరికొస్తే రాష్ట్రం చెయ్యి బిగుస్తుంది. కొత్త బడి తెరిచిన తొలి ఏళ్లలో కొంత, వేగంగా పెరిగే డిస్ట్రిక్టులకి 2019 చట్టం చేర్చిన కొంత సాయం ఉన్నాయి. అవి బెంచీలకీ పుస్తకాలకీ సరిపోతాయి, గోడలకి కాదు. గోడలకి బాండ్లే దిక్కు. ఇందులో టెక్సస్‌కి ఒక పాతకాలపు అదృష్టం ఉంది. 1854లో 20 లక్షల డాలర్లతో పెట్టిన శాశ్వత పాఠశాల నిధి ఇవాళ డిస్ట్రిక్టుల బాండ్లకి పూచీ నిలుస్తుంది. దాంతో పేద డిస్ట్రిక్టుకి కూడా మేలైన రేటింగ్‌, తక్కువ వడ్డీ దొరుకుతాయి. దానికి ఎదురుగా ఒక గోడ: కొత్త బాండ్లు అమ్మాలంటే ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకి 50 సెంట్ల పన్నుతో పాత అప్పూ కొత్త అప్పూ తీర్చగలమని రుజువు చూపాలి. ప్రాస్పర్‌లాంటి చోట్ల అప్పు పన్ను ఏళ్ల తరబడి ఆ 50 సెంట్ల దగ్గరే నిలిచి ఉంది. అంటే విలువలు పెరిగితేనే మరో అప్పు. ఇళ్లు వస్తేనే బడికి డబ్బు, బడి ఉంటేనే ఇళ్లకి గిరాకీ.

5 లక్షల డాలర్ల ఇంటికి ఇది ఎంతవుతుంది? 2025 నుంచి సొంత ఇంట్లో ఉండేవాళ్లకి స్కూల్‌ పన్నులో లక్షా 40 వేల మినహాయింపు. మిగిలిన 3 లక్షల 60 వేల మీద 50 సెంట్ల చొప్పున ఏడాదికి 1,800 డాలర్లు. కేవలం బడి గోడల అప్పుకి. నడిపే ఖర్చు పన్ను, కౌంటీ, ఊరు, కాలేజీ పన్నులు దీనికి అదనం. టెక్సస్‌లో ఆదాయం పన్ను లేదని మురిసి కాలిఫోర్నియా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్‌ దంపతులు మొదటి అక్టోబరు బిల్లు చూసి ‘ఇదేంటండీ’ అనుకునేది ఇందుకే.

రెండు సంచులు వేరైతే ఏమవుతుందో ఫ్రిస్కో చూపించింది. 2000 ప్రాంతంలో ఆ డిస్ట్రిక్టులో 7 వేల పైచిలుకు పిల్లలు. 2022 నాటికి 66 వేలు దాటారు. హైస్కూళ్లు ఒకటి నుంచి పన్నెండయ్యాయి. హైస్కూల్‌ చిన్నదిగా ఉండాలి, ఎక్కువమంది పిల్లలకి టీములో, బ్యాండులో చోటు దొరకాలి అన్నది ఆ ఊరి పట్టుదల. ముచ్చటైన ఆలోచనే గానీ ఖరీదైనది. 2014లో ఓటర్లు 77 కోట్ల 50 లక్షల డాలర్ల బాండ్లకి సరేనన్నారు, బడులు లేచాయి. 2016 ఆగస్టులో ఆ బడుల్ని నడిపే పన్ను పెంచుకుంటామంటే అదే ఊరు వద్దంది. బోర్డు 2017లో తెరవాల్సిన నాలుగు కొత్త బడుల్ని ఏడాది వెనక్కి నెట్టింది. కట్టడానికి డబ్బుంది, తాళం తీసి లోపల టీచరుని నిలబెట్టడానికి లేదు. పెళ్లికి మండపం కట్టి వంటవాడికి బయానా ఇవ్వడం మరిచినట్టు. 2018లో రెండోసారి అడిగితే ఓటర్లు ఒప్పుకున్నారు.

బాండ్‌ అడిగే పద్ధతి కూడా మారింది. 2019 నుంచి టెక్సస్‌లో స్కూల్‌ బాండ్‌ బ్యాలెట్‌ మీద ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని అచ్చు వెయ్యాలి, పన్ను రేటు పెరగకపోయినా సరే. ఇది ఓటర్ని భయపెట్టడానికేనని డిస్ట్రిక్టుల ఫిర్యాదు. నేను వాళ్ల పక్షాన పూర్తిగా నిలబడలేను. రేటు పెరగకపోవచ్చు, విలువ పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది, అప్పు తీరాక తగ్గాల్సిన పన్ను తగ్గదు. వాక్యం మొరటుదే, పూర్తి అబద్ధం కాదు. ఇంకో సంగతి: ఓటర్ల విసుగుకి కారణాలు లేకపోలేదు. 2012లో పొరుగునున్న ఆలెన్‌ 6 కోట్ల డాలర్లతో హైస్కూల్‌ ఫుట్‌బాల్‌ స్టేడియం కట్టింది. రెండేళ్లకే కాంక్రీటు పగుళ్లిచ్చి మూసి బాగుచేయాల్సి వచ్చింది. ఆ కథ డాలస్‌ శివార్లలో ఇప్పటికీ ప్రతి బాండ్‌ చర్చలోనూ లేస్తుంది. 2023లో ప్రాస్పర్‌ దాదాపు 280 కోట్ల డాలర్ల బాండ్లు అడిగితే ఓటర్లు సింహభాగం ఇచ్చి స్టేడియాన్ని మాత్రం పక్కన పెట్టారు.

మరి ఎవరీ ఓటర్లు? ఇక్కడ మనవాళ్ల కథ మొదలవుతుంది. ఈ ఊళ్లలో తెలుగు ఇళ్లు తక్కువేమీ కాదు. కొనే ముందు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ స్కూల్‌ జోన్‌ అండీ’. రేటింగ్‌ తొమ్మిదా పదా అన్నది వాకిలి తూర్పుకుందా అన్నదానితో పోటీపడుతుంది. కానీ హెచ్‌-1బీ మీదో, గ్రీన్‌కార్డు వరసలోనో ఉన్నవాళ్లకి బాండ్‌ ఎన్నికలో ఓటు లేదు. భారతీయులకి ఆ వరస దశాబ్దాల పొడుగు. అన్ని పన్నులూ కడతారు, పిల్లలు ఆ బడిలోనే చదువుతారు, ఆ బడికి డబ్బివ్వాలా వద్దా అని తేల్చేది మాత్రం వీధి చివర పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లయిపోయిన పాత కాపురస్తులు. వాళ్లని తప్పుపట్టను. నలభై ఎకరాల పొలం పక్కన ప్రశాంతంగా బతికినవాళ్లకి ఆ పొలంలో వరసగా ఇళ్లు రావడం, వాటి పిల్లల కోసం తమ బిల్లు పెరగడం అన్యాయంగానే తోస్తుంది. ఇక పౌరసత్వం వచ్చిన మనవాళ్లలో ఎందరు మే నెల శనివారం నాడు లేచి స్కూల్‌ ఎన్నికలో ఓటు వేస్తున్నారన్నది మనకి మనం వేసుకోవాల్సిన ప్రశ్న. జోనింగ్‌ మార్చి తమ పిల్లని పక్క బడికి పంపుతామన్న రోజు మాత్రం బోర్డు మీటింగులో కుర్చీలు చాలవు.

బిల్డర్‌ దగ్గరే వసూలు చెయ్యొచ్చుగా అని ఎవరికైనా తోస్తుంది. టెక్సస్‌ చట్టం నీళ్లకీ రోడ్లకీ ఆ రుసుము ఒప్పుకుంటుంది, బడికి ఒప్పుకోదు. జార్జియా కూడా అంతే. నార్త్‌ కరోలినాలో కెబారస్‌ కౌంటీ కొత్త ఇళ్ల మీద బడుల కోసం రుసుము వేసి చూసింది. 2012లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ అధికారం కౌంటీకి లేదంది. కాలిఫోర్నియా 1986 నాటి చట్టంతో చదరపు అడుగుకి ఇంత అని వసూలు చేస్తోంది, ఫ్లోరిడాలోనూ ఉంది. ఆ రుసుము చివరికి ఇంటి ధరలో కలుస్తుంది, నిజమే. అయినా అది ఇంటితో పాటే వస్తుంది, రెండేళ్ల తర్వాత కాదు. తారీఖుల చిక్కుకి నేను చూసిన మందుల్లో సూటిగా పనిచేసేది ఇదే. బిల్డర్ల పలుకుబడి బలంగా ఉన్న చోట ఇది చట్టం కాకపోవడం యాదృచ్ఛికం అనుకోను.

మన తెలుగువాళ్లు దండిగా ఉన్న జార్జియాలోని ఫోర్సైత్‌ కౌంటీది మరో దారి. 1996 రాజ్యాంగ సవరణతో ఆ రాష్ట్రంలో డిస్ట్రిక్టులు ఓటర్లని అడిగి డాలరుకి ఒక సెంటు అమ్మకం పన్ను వేసుకోవచ్చు, ఐదేళ్లకి మించకుండా. ఆ డబ్బు కట్టడాలకి, అప్పు తీర్చడానికే. కూరగాయలు కొన్నవాడూ, దారినపోతూ షాపింగ్‌కి ఆగినవాడూ తలా ఒక పైసా వేస్తారు. ఇంటి బిల్లు మీద భారం కనపడదు కాబట్టి ఓటర్లూ ఒప్పుకుంటారు. మాంద్యం వస్తే అమ్మకాలతో పాటే పడిపోతుందన్నది దీని లోపం. వర్జీనియాలోని లౌడన్‌లో స్కూల్‌ బోర్డుకి పన్ను వేసే అధికారమే లేదు, కౌంటీ దగ్గర చెయ్యి చాచాలి. కానీ ఆ కౌంటీకి డేటా సెంటర్ల రూపంలో పంట పండింది. రాత్రింబవళ్లు రొద పెట్టే ఆ కిటికీలు లేని భవనాలు, వాటిలోని కంప్యూటర్లు పన్ను కడతాయి, బడికి ఒక్క పిల్లనీ పంపవు. అన్ని ఊళ్లకీ ఈ అదృష్టం పట్టదు, కరెంటూ చాలదు.

లాస్‌వేగస్‌ ఉన్న క్లార్క్‌ కౌంటీ ఇంతకంటే ధైర్యం చేసింది. 1998లో ఒక్కసారే ఓటర్ల అనుమతి తీసుకుని, ఆస్తి పన్నుకి హోటల్‌ గదుల పన్ను, ఆస్తుల బదిలీ పన్ను కలిపి పదేళ్ల పథకంలో వందల కోట్ల డాలర్లతో 101 కొత్త బడులు కట్టింది. ఒక్కో ఆగస్టులో పదికి పైగా బడుల తలుపులు తెరిచిన ఏళ్లున్నాయి. జూదానికి వచ్చినవాడి గది అద్దెలోంచి ఎలిమెంటరీ బడి గోడ లేచింది. 2008లో ఇళ్ల మార్కెట్‌ కూలింది, కట్టడం ఆగింది.

డబ్బు దొరకనప్పుడు చేసే పనుల్లో చక్రవడ్డీ బాండ్లు అన్నిటికంటే ప్రమాదకరం. 2011లో సాన్‌ డియేగో దగ్గరి పోవే డిస్ట్రిక్టు దాదాపు 10 కోట్ల 50 లక్షల డాలర్లు ఇలా తెచ్చింది. ఇరవై ఏళ్లు పైసా కట్టక్కర్లేదు, పన్నూ పెరగదు. 2033లో మొదలుపెట్టి 2051 దాకా కట్టాల్సింది మాత్రం వంద కోట్లకి కొంచెం తక్కువ. మన ఊళ్లలో వడ్డీ వ్యాపారి కూడా కాస్త మొహమాటపడే లెక్క. ఆ గొడవ తర్వాత 2013లో కాలిఫోర్నియా, 2015లో టెక్సస్‌ ఇలాంటి బాండ్లకి హద్దులు పెట్టాయి. పన్ను పెంచం అన్న మాట నిలబెట్టుకోవడానికి ఒక బోర్డు ఎంత దూరం పోతుందో పోవే చెబుతుంది. అడిగే ధైర్యం బోర్డుకి లేదు, ఇచ్చే మనసు ఓటరుకి లేదు, మధ్యలో ఇంకా పుట్టని పన్నుదారు పేరు మీద సంతకం.

న్యాయం సంగతి ఒక్క మాట, లేకపోతే ఇదంతా శివారు ఊళ్ల గోడే అవుతుంది. ఆస్తి పన్ను మీద ఆధారపడితే ధనిక డిస్ట్రిక్టుకి ధనిక బడి వస్తుందని సాన్‌ ఆంటోనియోలోని పేద మెక్సికన్‌ అమెరికన్‌ తల్లిదండ్రులు 1968లోనే కోర్టుకెళ్లారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో వాళ్లని ఓడించింది. 1989లో మరో కేసులో టెక్సస్‌ సుప్రీంకోర్టు పేద డిస్ట్రిక్టుల్ని ఏకగ్రీవంగా గెలిపించింది. దాని ఫలితంగా 1993 నుంచి ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు కొంత డబ్బు రాష్ట్రానికి తిరిగి కడతాయి, జనం రాబిన్‌హుడ్‌ అంటారు. ప్లేనో ఏళ్ల తరబడి కట్టింది. అయితే ఈ పంపకం నడిపే సంచికే ఎక్కువ వర్తిస్తుంది. కట్టే సంచిలో పేద, ధనిక తేడా చాలావరకు అలాగే ఉంది. డాలస్‌కి ఈశాన్యాన ఉన్న ప్రిన్స్‌టన్‌కి ఫ్రిస్కోలా కార్పొరేట్‌ భవనాలు లేవు, ఉన్నవి చౌక ఇళ్లు, వాటి నిండా పిల్లలు. జనాభా లెక్కల శాఖ ప్రకారం 2024తో ముగిసిన ఏడాదిలో అమెరికా మొత్తంలో వేగంగా పెరిగిన ఊరు అదే. ఆ ఏడాదే అక్కడి కౌన్సిల్‌ కొత్త ఇళ్ల అనుమతులు కొంతకాలం ఆపేసింది.

ఇదంతా ఎదిగే రోజుల సంగతి. ఎదుగుదల ఆగిన రోజు గురించి బాండ్‌ కరపత్రాలు మాట్లాడవు. లాస్‌ ఏంజెలెస్‌లో ఈ శతాబ్దం మొదట్లో 7 లక్షల 40 వేలకి పైగా పిల్లలు. గదులు చాలక వాళ్లని బ్యాచ్‌లుగా విడగొట్టి ఏడాది పొడవునా బడి నడిపేవారు. వేల కోట్ల డాలర్లతో 131 కొత్త బడులు కట్టారు. అవి పూర్తయ్యేలోగానే పిల్లలు తగ్గడం మొదలైంది, ఇప్పుడు 4 లక్షల చుట్టుపక్కల ఉన్నారు. ఫ్రిస్కోలోనూ అదే మలుపు. ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న జంటలు ప్రాస్పర్‌కీ సెలైనాకీ పోతున్నారు. 2024 నవంబరులో ఫ్రిస్కో 108 కోట్ల డాలర్ల బాండ్లు, 3 సెంట్ల లోపు పన్ను పెంపు అడిగితే నాలుగు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. ఒక పాత మిడిల్‌ స్కూల్‌ని మూయాలని బోర్డు తీర్మానించింది. ఒకప్పుడు సరిహద్దు దాటి అడ్రసు దొంగగా చూపించి పిల్లల్ని చేర్పిస్తున్నారని నిఘా పెట్టిన శివారు డిస్ట్రిక్టులు, ఇప్పుడు బయటి పిల్లలూ రావచ్చని ప్రకటనలు వేస్తున్నాయి.

ప్లేనో ఇంకో అడుగు ముందుంది. 1980ల్లో, 90ల్లో ప్లేనోయే ఇప్పటి సెలైనా. అప్పట్లో అక్కడా పొలాల్లో బోర్డులే, పోర్టబుల్‌ గదులే. 2024 జూన్‌లో ప్లేనో స్కూల్‌ బోర్డు రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్‌ స్కూళ్లు మూసేయాలని ఓటు వేసింది. ఆ నాలుగింటి చుట్టూ ఇళ్లు అలాగే ఉన్నాయి, చెట్లు బాగా పెరిగాయి, వాకిళ్లలో సైకిళ్లు తగ్గాయి. ప్రెస్టన్‌ రోడ్డు మీద అక్కడి నుంచి బయల్దేరితే సెలైనాలోని ఆ ఖాళీ స్థలం బోర్డు దగ్గరికి కారులో గంట కూడా పట్టదు.